పాత బండి వైరింగ్ లోపం: టెస్ట్ ల్యాంపా, మల్టీమీటరా, స్కానరా?

హెడ్‌లైట్ మసకబారుతుంది. హారన్ ఒకసారి మోగి ఇంకోసారి మూగబోతుంది. రాత్రి బాగానే ఉన్న బండి తెల్లారేసరికి సెల్ఫ్ తీసుకోదు. ఇలాంటప్పుడు చాలామంది వరసగా పార్టులు మారుస్తూ పోతారు. ముందు బల్బు, తర్వాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), ఆ తర్వాత ఏకంగా బ్యాటరీ. డబ్బు ఖర్చవుతుంది, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎందుకంటే పాత బండిలో పార్టులకన్నా ముందు పాడయ్యేవి వాటిని కలిపే జాయింట్లు. ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) బోల్టు కింద తుప్పు, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) పిన్నుల మీద పచ్చటి చిలుము, ఫ్యూజ్ బాక్సులో పట్టు సడలిన క్లిప్పు, ఇంజిన్ వేడికి బిరుసెక్కి పగిలిన వైరు తొడుగు. వీటిలో చాలావరకు పైకి కనిపించవు. కొలిచే పట్టుకోవాలి.

దేనితో కొలవాలన్నదే అసలు ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒకటే కొనగలిగితే ఓ మోస్తరు మంచి డిజిటల్ మల్టీమీటర్ కొనండి. రెండోది కొనగలిగితే లోపల మామూలు ఫిలమెంట్ బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్ తీసుకోండి. బండి కంప్యూటర్ నుంచి లోపాల కోడ్‌లు చదివే స్కానర్ గురించి ఆ తర్వాతే ఆలోచించండి. అయితే పరికరం కన్నా ముఖ్యం దాన్ని వాడే పద్ధతి. ఎంత ఖరీదైన మీటరైనా, వైరు ఈ చివర నుంచి ఆ చివరకు కలిసి ఉంటే మోగే బజర్ మోడ్‌లో పెట్టి "మోగింది కాబట్టి వైరు బాగుంది" అనుకుంటే రోజంతా తప్పుదారిలోనే తిరుగుతారు.

ముందు బ్యాటరీ, తర్వాత లోపం రకం

ఏ లోపం వెతికినా బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాలి. కొన్ని గంటలు కదలకుండా ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.4 అంటే ముప్పావు వంతు ఉన్నట్టు. 12.0 అంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా దిగువకు పడిపోతే ఆ బ్యాటరీతో చేసే కొలతలేవీ నమ్మడానికి లేదు. ఛార్జ్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. టెర్మినళ్లు విప్పి, మెరిసేదాకా రుద్ది, బిగించి చూడండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

బ్యాటరీ బాగుందని తేలాక, లోపం ఏ రకమో ఒక్క నిమిషం ఆలోచించండి. అసలు పని చేయకపోతే ఎక్కడో వైరు తెగింది. ఫ్యూజ్ పదేపదే కొట్టేస్తుంటే ఎక్కడో బాడీకి తగిలి షార్ట్ అవుతోంది. పని చేస్తోంది గానీ నీరసంగా, వింతగా చేస్తోందంటే దారిలో అడ్డు, అంటే రెసిస్టెన్స్, పెరిగింది. బండి ఆపి పెడితే బ్యాటరీ దిగిపోతోందంటే ఏదో దొంగతనంగా కరెంటు తాగుతోంది. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు దారులున్నాయి. ఒకదానికి పనికొచ్చిన పరికరం ఇంకోదానికి పనికిరాకపోవచ్చు.

చాలా పాత బండి అయితే ఇంకో సంగతి గమనించాలి. 1960ల మధ్య వరకు వచ్చిన బ్రిటిష్ కార్లలో చాలావాటికి బాడీకి కలిపేది పాజిటివ్‌ను, నెగెటివ్‌ను కాదు. 6 వోల్టులతో నడిచేవీ ఉన్నాయి. మీటర్ ఎర్రవైరు ఎటు పెట్టాలో, ఎంత చూపించాలో దీన్నిబట్టే మారుతుంది. కింద చెప్పేవన్నీ నెగెటివ్ ఎర్త్, 12 వోల్టుల బండిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి.

టెస్ట్ ల్యాంప్, మల్టీమీటర్: ఎవరి బలం వారిది

టెస్ట్ ల్యాంప్ అంటే ఓ చివర క్లిప్పు, ఓ చివర సూది, మధ్యలో చిన్న బల్బు. అంతే. క్లిప్పును ఎర్త్‌కు తగిలించి సూదిని వైరు చివర పెడితే కరెంటు వస్తే వెలుగుతుంది, రాకపోతే లేదు. ఎన్ని వోల్టులో చెప్పదు. అయినా పాత బండికి ఇది మీటర్ కన్నా నిజాయితీ గల పరికరం. ఎందుకో చూడండి.

డిజిటల్ మీటర్ వోల్టేజ్ కొలిచేటప్పుడు వైరు నుంచి దాదాపు ఏమీ లాగదు. దాని లోపలి రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. దాంతో వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలి ఉన్నా, పిన్ను మీద చిలుము మందంగా పట్టి ఉన్నా, మీటర్ నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. ఆ అంకె చూసి "ఇక్కడిదాకా సప్లై వస్తోంది, బల్బే పోయింది" అనుకుంటాం. ఫిలమెంట్ టెస్ట్ ల్యాంప్ మాత్రం పావు ఆంపియర్ దాకా లాగుతుంది. దారి నీరసంగా ఉంటే వెలుతురు కూడా నీరసంగా ఉంటుంది. అబద్ధం చెప్పే అవకాశం తక్కువ. ఎల్ఈడీ టెస్ట్ ల్యాంప్‌కు ఈ గుణం లేదు. అది కూడా మీటర్‌లాగే కొద్దిపాటి కరెంటుకే వెలుగుతుంది. కొనేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

వచ్చిపోయే లోపాలకు కూడా ల్యాంపే మేలు. డిజిటల్ మీటర్ అంకెలు సెకనుకు రెండు మూడు సార్లే మారతాయి. రెప్పపాటులో తెగి కలిసే లూజ్ కాంటాక్ట్‌ను అది చాలాసార్లు వదిలేస్తుంది. వైరింగ్‌ను చేత్తో కదుపుతూ ల్యాంప్ వైపు చూస్తే టపటపా కొట్టుకోవడం వెంటనే కనిపిస్తుంది. పాతకాలపు ముల్లు మీటర్ ఉంటే అదీ ఇందుకు బాగా పనికొస్తుంది.

అయితే ఒక హద్దు ఉంది. బండిలో ఎయిర్‌బ్యాగ్‌గానీ కంప్యూటర్‌గానీ ఉంటే వాటి వైర్ల మీద ఫిలమెంట్ టెస్ట్ ల్యాంప్ పెట్టకూడదు. అది లాగే కరెంటు సెన్సర్ లైన్లను పాడుచేయగలదు. అక్కడ మీటరే వాడాలి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికైతే మీటర్‌తో కూడా సొంతంగా వెళ్లవద్దు.

వీటిలో ఏది వాడినా సూదిని వైరు తొడుగులోకి గుచ్చే అలవాటు మానుకోండి. ఆ చిన్న రంధ్రంలోంచి తేమ పోయి, కొన్నాళ్లకు లోపల రాగి పచ్చబడి తెగిపోతుంది. ఇవాళ వెతికిన చోటే రేపటి లోపం పుడుతుంది. కప్లర్ వెనక నుంచి, వైరు లోపలికి వెళ్లే సందులో సన్నటి పిన్ను పెట్టి కొలవడం మంచిది.

బజర్ కన్నా వోల్టేజ్ డ్రాప్

నీరసంగా పనిచేసే లోపాలే పాత బండ్లలో ఎక్కువ. ఎక్కువమంది తికమకపడేదీ ఇక్కడే. దీనికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, సప్లై తీసేసి వైరు ఈ చివర నుంచి ఆ చివరకు బజర్ మోగుతుందా, ఎన్ని ఓమ్‌లు చూపిస్తుందా అని చూడటం. రెండు, సర్క్యూట్ నడుస్తుండగానే దారిలో ఎక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవడం.

చాలా మీటర్లలో 30 నుంచి 50 ఓమ్‌ల లోపు ఎంత ఉన్నా బజర్ మోగుతుంది. హెడ్‌లైట్‌ను సగానికి సగం మసకబార్చడానికి అర ఓమ్ చాలు. సెల్ఫ్ మోటార్ సంగతి ఇంకా ఘోరం. అది 200 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, కేబుల్‌లో 0.01 ఓమ్ అడ్డుంటే చాలు, 2 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. మామూలు మీటర్ ఓమ్‌ల మోడ్‌లో 0.01ని చూడనే లేదు. దాని సొంత వైర్ల రెసిస్టెన్సే అంతకన్నా ఎక్కువ. తాడు బావిలో నీళ్లదాకా అందుతుందని బజర్ చెబుతుంది. నిండు చేదను మోస్తుందో లేదో తెలియాలంటే తోడి చూడాల్సిందే. అందుకే తెగిన వైరును వెతకడానికి తప్ప బజర్‌ను నమ్ముకోవద్దంటాను.

వోల్టేజ్ డ్రాప్ ఎలా కొలవాలో ఒక మసకబారిన హెడ్‌లైట్ మీద చూద్దాం. లైట్ వేసి ఉంచండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద 12.4 వోల్టులు ఉన్నాయి. బల్బు కప్లర్ వెనక నుంచి రెండు పిన్నుల మధ్య కొలిస్తే 10.3 మాత్రమే వచ్చింది. అంటే 2.1 వోల్టులు దారిలో పోయాయి. ఎటువైపు? మీటర్ ఎర్రవైరు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్లవైరు బల్బుకు సప్లై వచ్చే పిన్ను మీద పెట్టండి. 0.4 చూపించింది. స్విచ్, ఫ్యూజ్, ఇన్ని జాయింట్లు దాటి వచ్చే పాత సర్క్యూట్‌లో ఇది మరీ ఘోరమేం కాదు. ఇప్పుడు ఎర్రవైరు బల్బు ఎర్త్ పిన్ను మీద, నల్లవైరు బ్యాటరీ నెగెటివ్ మీద. 1.7 వచ్చింది. దొంగ ఎర్త్ వైపు ఉన్నాడు. ఎర్త్ వైపు 0.1, మహా అయితే 0.2 దాటకూడదు.

ఇక ముక్కలు ముక్కలుగా వెళ్లడమే. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి 0.1. ఎర్త్ వైరు చివర ఉన్న రింగు నుంచి, దాన్ని బిగించిన బాడీ రేకుకు 1.5. దొరికింది. ఆ బోల్టు విప్పి చూస్తే రింగు కింద పెయింటో, ఎర్రటి తుప్పో కనిపిస్తుంది. రేకు మెరిసేదాకా గీకి, రింగు రెండువైపులా శుభ్రం చేసి, బిగించి, పైన కొంచెం గ్రీజు రాస్తే లైట్ మళ్లీ తెల్లగా వెలుగుతుంది. బల్బుకు వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది కాబట్టి తేడా కంటికే తెలుస్తుంది. అదే జాయింటును ఓమ్‌లలో కొలిచి ఉంటే 0.4 దగ్గర ఏదో అంకె వచ్చేది. బజర్ హాయిగా మోగేది.

సెల్ఫ్ కేబుళ్లకు ఇదే పద్ధతి. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, పాజిటివ్ వైపు ఒకసారి, ఎర్త్ వైపు ఒకసారి కొలవండి. ఒక్కోవైపు అర వోల్టు దాటితే ఆ వైపు కేబుల్‌నో, జాయింటునో అనుమానించాలి. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీని మరిచిపోవద్దు. అది తెగితే కరెంటు వెనక్కి పోవడానికి యాక్సిలరేటర్ కేబుల్ లాంటి దారులు వెతుక్కుంటుంది, ఆ కేబుల్ వేడెక్కిపోతుంది.

ఒక లక్షణాన్ని మాత్రం మీటర్ లేకుండానే గుర్తుపట్టొచ్చు. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ మెల్లగా వెలుగుతోందా? ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైట్ దాంతో పాటే కొట్టుకుంటోందా? వెనక ల్యాంప్ ఎర్త్ పోయిందన్నమాట. తన ఎర్త్ దొరక్క కరెంటు పక్క ఫిలమెంట్ గుండా దారి చేసుకుంటోంది. అలాంటప్పుడు ఫ్లాషర్ (ఇండికేటర్‌ను కొట్టుకునేలా చేసే పార్టు) మార్చడం దండగ.

ఫ్యూజ్ కొట్టేస్తుంటే

కొత్త ఫ్యూజ్ వేస్తూ, వైర్లు కదుపుతూ, మళ్లీ కొట్టేస్తే ఇంకోటి వేస్తూ పోవడం ఒక పద్ధతి. డబ్బా ఫ్యూజులు ఖాళీ అవుతాయి. అంతకన్నా ప్రమాదకరమైనది, 10 ఆంపియర్ల చోట 30 వేయడం, లేదా రేకు చుట్టడం. అప్పుడు ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది. పాత బండి తొడుగులు ఎండిపోయి ఉంటాయి. ఒక్క వైరు కాలితే కట్ట మొత్తం అంటుకుంటుంది. ఈ పని ఎవరు సలహా ఇచ్చినా చేయొద్దు.

మంచి దారి, ఫ్యూజ్ తీసి ఆ రెండు క్లిప్పుల మధ్య ఒక బల్బు తగిలించడం. 21 వాట్ల బ్రేక్ బల్బు చాలు. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది. 2 ఆంపియర్లకు మించి పోనివ్వదు కాబట్టి వైరు కాలదు. ఆ సర్క్యూట్‌లోని పార్టుల కప్లర్లు ఒక్కొక్కటీ ఊడదీయండి. ఏది ఊడదీస్తే బల్బు ఆరిపోతుందో లోపం అటు వైపే. అన్నీ ఊడదీసినా వెలుగుతూనే ఉంటే వైరే బాడీకి తగులుతోంది. రబ్బరు బుషింగ్ పోయిన రేకు రంధ్రాలు, తలుపు మడత దగ్గర వంగే వైర్లు, సీటు పట్టాల కింద, డిక్కీ మూత కీలు దగ్గర వెతకండి. వైరులోకి సిగ్నల్ పంపి బయటి నుంచి మోతతో పట్టుకునే ట్రేసర్లు కూడా దొరుకుతాయి. కార్పెట్ల కింద పొడవాటి వైరు ఉన్నప్పుడు అవి బాగుంటాయి. అప్పుడప్పుడు చేసుకునేవారికి బల్బే చాలు.

ఆపి పెడితే బ్యాటరీ దిగిపోతుంటే

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది, బ్యాటరీ నెగెటివ్ కేబుల్ తీసి మధ్యలో మీటర్‌ను ఆంపియర్ల మోడ్‌లో పెట్టడం. మిల్లీ ఆంపియర్ల దాకా కచ్చితంగా చెబుతుంది. ఎర్రవైరును 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి మొదలుపెట్టండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టినా హెడ్‌లైట్లు వేసినా మీటర్ లోపలి ఫ్యూజ్ పోతుంది. పని అయ్యాక ఎర్రవైరును వోల్టుల సాకెట్‌కు మార్చడం మరిచిపోయి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే.

రెండోది క్లాంప్ మీటర్. కేబుల్ చుట్టూ వేస్తే చాలు, ఏదీ విప్పనక్కర్లేదు. కాకపోతే డీసీ కొలిచేదై ఉండాలి. ఇళ్లలో వైరింగ్ పనికి వాడే చాలా క్లాంపులు ఏసీ మాత్రమే కొలుస్తాయి, బండి మీద సున్నా చూపిస్తాయి. సెల్ఫ్ కరెంటు, ఛార్జింగ్ కరెంటు చూడటానికి ఇది అద్భుతం. చిన్న లీకేజీలకు మాత్రం చౌకరకం క్లాంప్ అంకెల మీద ఆధారపడలేం.

మూడోది నాకు ఎక్కువ ఇష్టం. ఫ్యూజులు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఒక్కో ఫ్యూజ్ రెండు చివర్ల మధ్య మిల్లీ వోల్టులు కొలవడం. కరెంటు పోని ఫ్యూజ్ మీద సున్నా ఉంటుంది. పోతున్న దాని మీద ఎంతో కొంత చూపిస్తుంది. ఏ సర్క్యూటో వెంటనే తెలిసిపోతుంది. కంప్యూటర్ ఉన్న బండిలో ఫ్యూజులు పీకి పెడితే, బండి ఆపాక నిద్రపోయిన ఆ కంప్యూటర్ మళ్లీ మేలుకుని లెక్క తప్పుతుంది. ఈ పద్ధతిలో ఆ బెడద లేదు.

ఎంత లీకేజీ మామూలు? కంప్యూటర్లున్న బండ్లలో అన్నీ నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. గడియారం, రేడియో తప్ప ఏమీ లేని పాత బండిలో అంతకన్నా చాలా తక్కువ ఉండాలి. డిక్కీలో ఆరకుండా వెలిగే 5 వాట్ల బల్బు ఒక్కటే 0.4 ఆంపియర్లు తాగుతుంది. 50 ఆంపియర్ అవర్ బ్యాటరీని ఐదారు రోజుల్లో పూర్తిగా తినేస్తుంది, సెల్ఫ్ తీసుకోకపోవడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఏ ఫ్యూజ్ మీదా ఏమీ లేకుండా లీకేజీ కనిపిస్తే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) డయోడ్లను అనుమానించండి. దాని లావు వైరు సాధారణంగా ఈ ఫ్యూజ్ బాక్సు గుండా రాదు.

స్కానర్ ఎప్పుడు?

స్కానర్ తగిలించే ప్రామాణిక పద్ధతి ఓబీడీ 2 అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు బండ్లలో స్కానర్ పెట్టడానికి సాకెటే ఉండకపోవచ్చు. ఉన్నా, కంప్యూటర్ కాపలా కాసే సర్క్యూట్ల గురించే అది చెబుతుంది. హారన్, హెడ్‌లైట్, వైపర్ ఎర్త్ దానికి తెలియవు. ఫలానా సెన్సర్ కోడ్ వచ్చిందంటే ఆ సెన్సర్ పోయిందని అర్థం కాదు. ఆ సెన్సరో, దాని వైరో, కప్లరో అని అర్థం. కోడ్ చూసి సెన్సర్ కొనేముందు మీటర్ ఎలాగూ తీయాల్సిందే. బ్యాటరీ కరెంటును నేరుగా సూది చివరకు తెచ్చే పవర్ ప్రోబ్‌లు కూడా ఉన్నాయి. మోటార్లు, హారన్, రిలేలు ఊడదీసి పరీక్షించడానికి అవి చాలా సుఖం. తొందరలో బటన్ నొక్కితే కంప్యూటర్ లైన్‌లోకి 12 వోల్టులు తోసేస్తాయి. చేయి తిరిగాక కొనుక్కోండి.

రిలే మీద అనుమానం వస్తే అదే నంబరున్న ఇంకో రిలేతో మార్చి చూడటమే అన్నిటికన్నా వేగం. చాలా రిలేల మీద ఉండే అంకెల్లో 30 అంటే బ్యాటరీ సప్లై, 87 బయటకు వెళ్లేది, 85, 86 కాయిల్. కాయిల్ మధ్య కొన్ని పదుల ఓమ్‌లు చూపించాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టే.

అతుకు వేయాలా, వైరింగ్ మొత్తం మార్చాలా

లోపం దొరికాక వైరు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం మాత్రం పరిష్కారం కాదు. ఇంజిన్ వేడికి టేపు జిగురు కరుగుతుంది, అతుకు మళ్లీ వదులవుతుంది. సోల్డరా, క్రింపా (వైరు మీద లోహపు గొట్టాన్ని నొక్కి బిగించడం) అంటే కదిలే చోట, అదిరే చోట నేను క్రింప్ వైపే. సోల్డర్ వైరు పోగుల్లోకి పాకి ఆ భాగాన్ని కడ్డీలా బిగుసుకునేలా చేస్తుంది. అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది. సరైన సైజు క్రింప్, దాని మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేస్తే తేమ కూడా పోదు. సోల్డర్ చేసే తీరాలంటే అతుకుకు రెండువైపులా వైరు కదలకుండా కట్టేయండి. వైరును కోసి పట్టుకునే నీలం రంగు ట్యాప్ కనెక్టర్లు ఎక్కడ కనిపించినా తీసేయండి. పాత బండ్లలో స్టీరియోలు, అలారాలు బిగించినవాళ్లు వదిలిపోయిన లోపాల్లో సగం వాటి కిందే ఉంటాయి.

మొత్తం మార్చాలా అన్నది తేల్చుకోవడానికి ఇలా చేయండి. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఇంజిన్ దగ్గర ఒక చోట, డ్యాష్‌బోర్డ్ వెనక ఒక చోట, వెనక ల్యాంపుల దగ్గర ఒక చోట కట్ట మీది టేపు కాస్త విప్పి వైర్లను మెల్లగా వంచండి. ఎక్కడా పగలకపోతే అతుకులు చాలు. ఇంజిన్ దగ్గర మాత్రమే పెళుసుగా విరిగితే ఆ భాగం వైరింగ్ మార్చండి. వేడి వల్ల అదే ముందు పోతుంది. మూడు చోట్లా తొడుగు పొడిపొడిగా రాలితే, లేదా ఒకసారి వైరు కాలిన బండి అయితే, ఒక్కో లోపం వెతుక్కుంటూ కూర్చోవద్దు. కొత్త సెట్ వేయించడమే మంచిది. మీ మోడల్‌కు తయారు సెట్ దొరికితే కప్లర్లు సూటిగా సరిపోతాయి. దొరకకపోతే పాతదాన్ని పలక మీద పరిచి, దాని కొలతలతో కట్టించాలి. దానికి ఓపిక, నైపుణ్యం రెండూ కావాలి.

ఎలక్ట్రీషియన్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నదీ ఇక్కడే తేలుతుంది. ఎర్త్‌లు, ఫ్యూజులు, లైట్లు, హారన్, లీకేజీ వెతకడం మీరే చేసుకోవచ్చు. కాలిన వాసన, వేడెక్కిన వైరు, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, కొత్త వైరింగ్ సెట్ అయితే అప్పగించండి. "లైట్ సరిగ్గా రావట్లేదు" అని చెప్పి వదిలేయకుండా, మీరు కొలిచిన అంకెలు రాసి ఇవ్వండి: బ్యాటరీ దగ్గర ఎంత, బల్బు దగ్గర ఎంత, ఎర్త్ వైపు ఎంత పోతోంది, ఏది కదిపితే మారుతోంది. ఆ కాగితం చూసి మళ్లీ మొదటి నుంచి కొలుస్తానన్నా అభ్యంతరం పెట్టొద్దు. మీటర్ తీయకుండానే ఏ పార్ట్ మార్చాలో చెప్పేస్తే మాత్రం బండి ఇవ్వకుండా ఇంకొకరిని వెతుక్కోండి.